సగం ధరకు పచ్చి బీరు

సెల్‌ఫోను మోగితే ఎత్తడానికి కూడా డబ్బు కట్టే కాలం పోయి, అందరూ మిస్డ్ కాల్ ఇచ్చుకుంటూ బతికే కాలం వచ్చిన ఆ రోజుల్లో, నా జన్మలోకెల్లా గొప్ప బేరం ఒకటి చేశాను. గొప్ప అని ఊరికే అనడం లేదు. నూట ఇరవై రూపాయల సరుకును అరవైకి దించాను. అమ్మేవాడు వద్దు వద్దంటున్నా వినకుండా దించాను. సరుకు ఇంకా తయారు కాలేదని తెలిసి మరీ దించాను. ఆ సరుకును మా అత్తకు చేరాల్సిన పట్టుచీరల మధ్య పెట్టి మూట కట్టి, ఏప్రిల్ నెల ఎండలో పాసింజరు రైలెక్కాను. ఇంత తెలివైన పని మా వంశంలో అంతకుముందు ఎవరూ చెయ్యలేదు. ఆ తర్వాత నేను కూడా మళ్ళీ చెయ్యలేకపోయాను. సరుకు పేరు బీరు.

మాది హిందూపురంలో బెల్లం, చింతపండు మండీ. రైతు బెల్లం దించగానే మా నాయన బొటనవేలి గోటితో ముద్ద అంచు గిల్లి, నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకునేవాడు. 'సున్నం ఎక్కువ పోసినావప్పా' అనో, 'ఇది పెనం అడుగుది గదా' అనో తేల్చేవాడు. దాన్ని మచ్చు చూడటం అంటాం. నాయన పక్కన కూర్చుని చిన్నప్పట్నుంచీ నేనూ మచ్చు చూసేదాన్ని (దానివల్ల పళ్ళు పుచ్చాయి, నాలుక పదునెక్కింది). చింతచెట్టు పూత మీద ఉండగానే కాపు మొత్తానికి గుత్త మాట్లాడేసుకునే ఇల్లు మాది. పండినాక కొనేవాడు గిరాకీ, పండకముందు కొనేవాడు వ్యాపారి అని నాయన సూత్రం. చెట్టు మీది చింతకాయకు సరిపోయే సూత్రం లోకంలో ప్రతి వస్తువుకీ సరిపోతుందని నేను నమ్మాను. కథంతా అక్కడే ఉంది.

డిగ్రీ అయ్యాక బెంగళూరులో, హోటళ్ళకు వంటపాత్రలు సరఫరా చేసే ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జీతం తీసుకుని బేరాలాడే ఉద్యోగం. ఇన్నాళ్ళూ ఇంట్లో ఊరికే చేసిన పనికి డబ్బులిస్తారని తెలిసి చాలా సంతోషపడ్డాను. ఆ కంపెనీ విందులో తోటి అమ్మాయి ఒకతె గ్లాసు నా చేతిలో పెట్టి, 'రుచి చూడవే' అంది. తాగమంటే వద్దనేదాన్నేమో. రుచి చూడమంటే కాదనడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. చేదుగా ఉంది. ఏం చేదో తేలక ఇంకో గుక్క పుచ్చుకున్నాను. వేపాకు చేదు కాదు, కాకర చేదు కాదు, మాడిన బెల్లం చేదు అసలే కాదు. పేరు తెలియని రుచి నాలుక మీద ఉంటే నాకు నిద్రపట్టదు. ఆ తర్వాత ఏడాదిపాటు, ముగ్గురు అమ్మాయిలం చందా వేసుకుని, కనిపించిన ప్రతి కొత్త రకం సీసా కొని స్టీలు గ్లాసుల్లో పంచుకుని మచ్చు చూశాం. మత్తు కోసం ఎప్పుడూ తాగలేదు (ఈ మాట తాగేవాళ్ళందరూ అంటారని తెలుసు, అయినా అంటున్నాను). షాపుల్లో దొరికేవన్నీ ఒకే బావి నీళ్ళకు వేరే వేరే చీటీలు అంటించినట్టు ఉండేవి. ఇక ఇంతేనేమో అనుకుంటుండగా ఇంజనీరాయన వచ్చాడు.

ఇంజనీరాయన అంటే, మంచి ఉద్యోగం మానేసి ఊరవతల ఒక షెడ్డు అద్దెకు తీసుకున్న గడ్డం మనిషి. అడుగున కుళాయి ఉండే పెద్ద స్టీలు పాత్ర కావాలని మా కంపెనీకి వచ్చాడు. 'సాంబారుకా?' అని అడిగాను. 'బీరుకు' అన్నాడు. పాత్ర చేరవేసే నెపంతో మర్నాడే ఆ షెడ్డుకు వెళ్ళాను. అక్కడ నాకు లోకం తలుపు తెరుచుకుంది. గోధుమలతో చేసిన బీరు మబ్బుగా, మజ్జిగ తేటలా ఉండి, మింగాక నారింజ తొక్క వాసన వదిలేది. మాడ్చిన బార్లీతో చేసిన నల్లది వేయించిన చెనిక్కాయల (వేరుశనగల) మీది ఎర్రపొట్టును గుర్తుకు తెచ్చేది. రాగులతో చేసిన దాన్ని తాగితే, మన రాగి అంబలి కోటు వేసుకుని ఉద్యోగానికి పోతున్నట్టు అనిపించింది. ఇప్పుడు దీన్ని క్రాఫ్ట్ బీరు అంటున్నారు. మేము షెడ్డు బీరు అనేవాళ్ళం. రెండో గ్లాసు మచ్చు చూసి, 'దీంట్లో ధనియాలు పడ్డాయి' అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. 'యారు చెప్పింది మీకు?' అన్నాడు. ఆయన తెలుగులో సగం కన్నడం, హిందూపురం దానికి అదేమీ అడ్డం కాదు. నా నాలుక చెప్పిందన్నాను. ఆ ఊపులోనే జీలకర్ర కూడా పడిందన్నాను, అది తప్పయింది. అయినా మా మండీ పక్క అంగడి ధనియాలు ఆయనకు కిలో రెండు రూపాయలు ఎక్కువకు అమ్మిపెట్టాను. ఆ రోజు నుంచి కొత్త రకం కాచినప్పుడల్లా నాకు కబురొచ్చేది.

ఆ ఏప్రిల్‌లో ఒక శుక్రవారం వెళ్ళేసరికి షెడ్డు మూల, తీగతో బిగించే పింగాణీ మూతల సీసాలు ఆరు, తడిగోనె కింద కనిపించాయి. రాగి రంగులో ఉంది లోపలి సరుకు. అవి చూపి రేటడిగాను.

'అది బేడ మేడమ్, వద్దు. ఇన్నా రెడీ ఇల్ల. సీసాల్లో పోసి నాలుగు దినాలే అయింది. లోపల గ్యాస్ పుడతా ఉంది. ఇంకా మూడు వారాలు ఆగాలి.'

'ఆగితే ఎంత?'

'సీసా నూట ఇరవై.'

'ఆగకపోతే?'

అలాంటి ప్రశ్న ఆయన్ని అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు. మామిడి పచ్చిగా ఉన్నప్పుడు పండు రేటు ఎవడిస్తాడని నేను నిలదీశాను. పండబెట్టే చాకిరీ నాది, చోటు నాది, మధ్యలో చెడిపోతే నష్టం నాది, మరి రేటు నీదెట్లా అన్నాను. వెళ్ళిపోతున్నట్టు రెండుసార్లు గుమ్మం దాటాను (మూడోసారి దాటితే నిజంగా పోనిస్తారు, అది గుర్తుంచుకోవాలి). చివరికి అరవైకి వచ్చాడు. డబ్బు తీసుకుంటూ, 'చల్లగా పెట్టండి. కదిలించొద్దు. దినానికి ఒక సారి మూత కొంచెం ఎత్తి గ్యాస్ వదలండి' అని దణ్ణం పెట్టి మరీ చెప్పాడు. సరుకు గొప్పతనం పెంచడానికి అమ్మేవాళ్ళు చెప్పే మాటల్లో ఇవీ కొన్ని అనుకున్నాను. ఆ షెడ్డుకు అనుమతి ఉందో లేదో నేను అడగలేదు, అడిగితే రేటు పెరుగుతుందని.

సీసాలను హాస్టల్లో పెట్టుకోవడానికి లేదు, వార్డెనమ్మ శనివారం అలమరలు తెరిపించి చూస్తుంది. మా మండీ వెనక చింతపండు గోడౌను ఉంది, చల్లగా చీకటిగా. ఎలాగూ మర్నాడు ఊరికి పోవాలి. పోవడం ఎందుకంటే, అత్త చీరలు తేవడానికి. నాయన చెల్లెలు మా అత్త. ధర్మవరంలో ఉంటుంది. మామ పోయాక ఆమె మగ్గాలవాళ్ళ దగ్గర చీరలు తీసుకుని బెంగళూరు షాపులకు పంపేది. అమ్ముడుపోతే మగ్గానికి డబ్బు, పోకపోతే మగ్గానికి చీర. కాగితం లేదు, సంతకం లేదు, అత్త మాటే పూచీ. షాపుల్లో మిగిలిన చీరలు నెలకోసారి నేను చేరవేసేదాన్ని. ఈసారి ఏడు చీరలు. వాటిలో మెరూన్ రంగు ముహూర్తపు చీరను ఒక పెళ్ళివాళ్ళ కోసం అత్త షాపు నుంచి వెనక్కి తెప్పిస్తోంది. ఆదివారం పొద్దున వాళ్ళు వచ్చి తీసుకుపోవాలి. 'దానికేమన్నా అయితే నాకు మళ్ళా ఏ మగ్గమూ చీర ఇయ్యదు మ్మే. నా బతుకు నీ చేతిలో పెడతాండా, జాగ్రత్తగా తే' అని ఫోనులో చెప్పింది.

జాగ్రత్తగానే తెచ్చాను. గాజు సామాను బట్టల మధ్య కట్టాలి, ఇది మండీ పిల్లలందరికీ తెలిసిన పాఠం. అంతకంటే మెత్తటి బట్టలు ఎక్కడ దొరుకుతాయి? తెల్లగుడ్డల్లో చుట్టిన చీరల మడతల మధ్య ఒక్కో సీసాను పసిబిడ్డలా పడుకోబెట్టి, పైన దుప్పటి వేసి మూట కట్టి, నా చాకచక్యానికి నేనే మురిసిపోయాను. హిందూపురంలో దిగుతాను, సీసాలు గోడౌనులో దాస్తాను, ఆదివారం తెల్లవారి బండికి చీరలతో ధర్మవరం పోతాను. లెక్క ఎక్కడా తప్పలేదు.

హిందూపురంలో బండి ఆగేసరికి నాయన నా పెట్టె కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాడు, భుజాన టవలుతో.

'దిగొద్దు, దిగొద్దు. పెళ్ళోళ్ళు రేపు కాదంట, ఈ పొద్దు సాయంత్రమే వస్తారంట. మీ అత్త ఫోన్ చేసినాది. నేనూ వస్తాండా, జరుగు.'

ఆయన వెనకే ఒక కానిస్టేబులు, కర్ణాటక నుంచి వచ్చే సీసాల కోసం మూటలు తడుముతూ వచ్చాడు. నా మూట దగ్గరికి వచ్చి నాయనను చూసి, 'బాగుండావా సెట్టీ' అని పలకరించి, పక్క మూట తడమడానికి పోయాడు. మండీ మర్యాద ఆ విధంగా నా బీరును కాపాడింది. నాయన మూటను తన పక్కకు లాక్కున్నాడు. లాగిన చెయ్యి మధ్యలో ఆగింది.

'ఏమ్మే, చీరలు ఇంత బరువుండాయే?'

'జరీ నాయనా.'

'జరీ అయితే గలగలమంటాదా?'

'అత్తకు ఊరగాయ సీసాలు కూడా పెట్టినా.'

'ఏం ఊరగాయ?'

'ఉసిరికాయ.'

'ఏప్రిల్‌లో ఉసిరికాయ యాడిది?'

వ్యాపారి కడుపున పుట్టి సరుకుకూ ఋతువుకూ పొంతన లేకుండా అబద్ధమాడటం ఎంత సిగ్గుచేటో అప్పుడు తెలిసింది. పోయిన ఏడాదిదని సర్దాను. ఎంతకు కొన్నావని అడిగాడు. ఒక రేటు చెప్పాను. ఎక్కువ పెట్టావన్నాడు. అంతటితో ఊరగాయ చాప్టరు ముగిసింది. బండి కదిలింది.

ఊరు దాటాక ఎండ మా వైపు తిరిగింది. కిటికీ చువ్వలు ముట్టుకుంటే కాలుతున్నాయి. పాసింజరు బండి కదా, నడకలో ప్రతి పట్టా అతుకునూ పలకరిస్తుంది, ప్రతి పలకరింపుకూ మూట ఎగిరి పడుతుంది. 'చల్లగా పెట్టండి, కదిలించొద్దు' అన్న ఇంజనీరాయన గొంతు మొదటిసారి నా చెవిలో వినపడింది. మూట మీద చెయ్యి వేశాను. జ్వరమొచ్చిన పిల్ల నుదురులా ఉంది. లోపల, చెవి దగ్గర పెడితే తప్ప వినపడనంత సన్నగా, బుస్సుమని చప్పుడు. చెవి దగ్గర పెట్టకుండానే విన్న మనిషి ఎదురు సీటులో ఉంది. మామిడికాయల గంపతో ధర్మవరంలో కూతురింటికి పోతున్న ఒక అవ్వ.

'మూటలో ఏందమ్మా బుసలు కొడతాండాది? పామేమన్నా ఉండాదా?'

'చక్రాల చప్పుడవ్వా.'

'అరవై ఏండ్లనాటి చెవులివి. చక్రాల చప్పుడు నాకు తెలీదా?'

ఇంతలో నాయన ముక్కు ఎగబీల్చాడు. ఏ రకం చింతపండు ఏ గోతాంలో ఉందో చీకట్లో చెప్పే ముక్కు అది. 'ఏందో పులిసిన వాసన వస్తాండాది' అని అవ్వ గంప వైపు చూశాడు. 'నా తట్టు చూస్తావేందప్పా? నా గంపలో ఉండేది మామిడికాయలు. పులిసిందేమన్నా ఉంటే మీ దగ్గరే ఉండాల' అని అవ్వ గంప మీద గుడ్డ తీసి చూపించింది. ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను కిటికీలోంచి ప్రకృతిని చూడటం మొదలుపెట్టాను. చూడటానికి చెనిక్కాయ చేలు తప్ప ఏమీ లేవు, ఏప్రిల్‌లో అవి కూడా ఉత్త మట్టి. నా కళ్ళకు మాత్రం మెరూన్ చీర, దాని మీద పాకుతున్న తడి, తెల్లముఖం వేసుకుని నిలబడిన అత్త కనపడుతున్నారు. ఆరు సీసాల్లో ఒక్కటి పగిలినా అత్త మాట పోతుంది. మాట పోయిన రోజున ఆమె ఇంట్లో పొయ్యి వెలగడానికి వేరే దారి లేదు.

పెనుకొండలో బండి ఆగిపోయింది. ఎదురు బండి వచ్చి పోతే కానీ దారి లేదట. పెనుకొండ కొండ పగలంతా ఎండ తాగి, సాయంత్రం పూట దాన్ని స్టేషను మీద కక్కుతుంది. నిలబడిన పెట్టెలో గాలి లేదు. బుసలు పెద్దవయ్యాయి. నేను లేచి మూట ఎత్తుకున్నాను.

'యాడికి?'

'బాత్‌రూంకు నాయనా.'

'దానికి మూటెందుకు?'

'చీరలు కండ్ల ముందర్నుంచి కదలనీయొద్దని అత్త చెప్పినాది.'

నాయన ముఖం వికసించింది. 'అదీ బుద్ధంటే. చూడవ్వా, నా కూతురు' అన్నాడు. ఆ మెచ్చుకోలు మోసుకుంటూ ప్లాట్‌ఫారం మీద నడవడం, ఆ మూట మోయడం కంటే కష్టమయింది.

ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో ఎవరూ లేరు. స్నానాలగది తలుపు గడియ పెట్టుకుని, మూట విప్పి, మొదటి సీసా చేతికి తీసుకుని తీగ ఎత్తాను. ఇంజనీరాయన 'కొంచెం' ఎత్తమన్నాడు. కొంచెం అంటే ఎంతో నాకు తెలియదు. మూత ఎగిరింది, నురగ బుస్సున లేచి నా మోచేతి దాకా పాకింది. కింద విప్పిన మూటలో చీరలున్నాయి. ఇంకేం ఆలోచించలేదు, సీసాను నోట్లో పెట్టేసుకున్నాను. నురగ తన్నుకొస్తోంది, నేను మింగుతున్నాను, ముక్కులోంచి వస్తోంది, కళ్ళలోంచి నీళ్ళొస్తున్నాయి. ఇంత గండంలోనూ నాలుక తన పని తాను చేసుకుపోయింది. పచ్చిగా ఉంది కానీ వెనకెక్కడో ఖర్జూరం ఉంది, మాగితే ఇది పెద్దింటి పిల్ల అవుతుంది అని చెప్పింది. ఆ మాట విన్న తర్వాత మిగతా అయిదింటిని కాలవలో పారబోయడానికి చేతులు రాలేదు. పారబోసి ఉంటే చీరలు క్షేమం, అత్త క్షేమం, నేను క్షేమం. అరవై చొప్పున ఇచ్చాను కదా. అక్కడ, ఆ స్నానాలగదిలో, అత్త బతుకునూ నా బేరాన్నీ పక్కపక్కన పెట్టి తూచాను. తరాజు ఎటు మొగ్గిందో చెప్పుకోవడానికి ఇప్పటికీ మొహమాటంగా ఉంటుంది.

రెండో సీసా కాలవకు వంచి, తీగ మీద బొటనవేలు ఆనించి, వెంట్రుకవాసి ఎత్తాను. నిట్టూర్చింది. మళ్ళీ బిగించాను. మూడోది, నాలుగోది అలాగే నిట్టూర్చాయి. పని చేతికి వచ్చిందనుకుంటుండగా ఎదురు బండి ధడధడమని దాటిపోయింది. తలుపు దబదబ మోగింది.

'ఏమ్మే, లోపల పడుకున్నావా? సిగ్నలిచ్చినారు.'

మిగిలిన రెండింటి మూతలు ఎత్తలేదు. అయిదు సీసాలూ చేతికందిన మడతల్లో తోసి ముడివేశాను. తలుపు తీయగానే నాయన నా చేతిలోంచి మూట లాక్కుని భుజాన వేసుకుని పరిగెత్తాడు. నలభై ఏళ్ళు గోతాలు మోసిన భుజం. గోతం మోసేవాడు పరిగెత్తేటప్పుడు బరువును ఎగరేసి ఎగరేసి పట్టుకుంటాడు, అది వాళ్ళ పద్ధతి. నాయన అడుగడుక్కీ మూట ఎగురుతోంది, వెనక పరిగెత్తుతూ నేను ప్రతి ఎగురుకూ కళ్ళు మూసుకుంటున్నాను. కదులుతున్న బండిని అందుకున్నాం. నాయన మూటను ఈసారి కిందపెట్టలేదు. కన్నబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు.

నేను నోరు తెరవకూడదని పెదవులు బిగించుకున్నాను. నాయన ముక్కు ఒకసారి మూట వైపు, ఒకసారి నా వైపు తిరిగి, నా వైపే నిలిచిపోయింది.

'ఏం తాగినావు?' అన్నాడు మెల్లగా.

జవాబు నేను చెప్పలేదు. మూట చెప్పింది. ఒళ్ళో నుంచి, మెత్తగా, నిండు గోతం బండి మీంచి జారిపడినట్టు 'ధబ్' అని చప్పుడు. మా జిల్లాలో, నాటుబాంబులు తిరిగే ఆ రోజుల్లో, మూటలోంచి చప్పుడొస్తే జనం కారణం అడిగేవాళ్ళు కాదు, ముందు దూరం జరిగేవాళ్ళు. క్షణంలో మా చుట్టూ నాలుగు బెంచీలు ఖాళీ అయ్యాయి. అవ్వ మాత్రం కదల్లేదు, గంప బరువు కాబట్టి. నాయన పంచె మీద రాగి రంగు తడి పాకుతోంది. తనకేమన్నా తగిలిందా అని చూసుకోలేదు మనిషి. ముడి విప్పాడు. గాజుపెంకులు ఏరి పక్కన పెట్టాడు. చిలకపచ్చ చీర చుట్టిన గుడ్డ నీళ్ళు కారుతోంది. మెరూన్ చీర గుడ్డ ఒక అంచున తడిసి ఉంది. నేను దాన్ని విప్పబోయాను. నాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

'విప్పొద్దు. ఎరగని చెయ్యి పడితే తడి ఇంకా పాకుతాది. ఆయమ్మే విప్పుతాది, ధర్మవరం పోనీ.'

అప్పుడు నేను, ఇంకొకటి కూడా మూత ఎత్తనిది ఉందని చెప్పాల్సి వచ్చింది. నాయన నన్నూ సీసాలనూ చూసి, నేను చూపినదాన్ని వేళ్ళతో తీసి, చెయ్యి కిటికీ బయటపెట్టాడు. 'మెల్లగా నాయనా, తీగ మీద బొటనవేలు పెట్టి, మెల్లగా' అని నేను చెబుతున్నాను. ఎదురుగాలికి నురగ చాటంత విచ్చుకుని సగం లోపలికే వచ్చింది. అవ్వ ముఖం తుడుచుకుంది. నాయన మీసం మీద పడింది. నాలుక బయటికొచ్చి మీసాన్ని తాకింది. అది తాగడం కాదు, నలభై ఏళ్ళ అలవాటు. కళ్ళు మూసుకున్నాడు.

'బెల్లం పడినాది దీంట్లో' అన్నాడు. 'అడుగు బెల్లం. పశువులకు పెట్టేది. ఎంత చెప్పినాడు?'

'నూట ఇరవై.'

'ఎంతకు దించినావు?'

'అరవై.'

రెప్పపాటు కాలం ఆయన ముఖంలో కోపం స్థానంలో ఇంకేదో వచ్చి పోయింది. అది నేను చూశాను. తర్వాత కోపం మళ్ళీ వచ్చి కూర్చుంది. 'ముప్పైకి కూడా ఎక్కువే' అని, మిగిలిన బీరు కిటికీలోంచి పారబోశాడు. సీసాను మాత్రం పారెయ్యలేదు.

అత్త ఇంట్లో చాప పరిచి సిద్ధంగా ఉంది. పెళ్ళివాళ్ళు ఏ నిమిషమైనా రావచ్చు. మూట చూసిందో లేదో, మడతల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. 'ఏం పడినాది?' అంది. కొబ్బరినీళ్ళు అందామని నేను నోరు తెరిచేలోపు నాయన చెప్పేశాడు.

'బీరు. నీ మేనకోడలు కొనుక్కున్నాది. రేటు మాత్రం బాగా దించినాది.'

అత్త తలెత్తలేదు. మెరూన్ చీర గుడ్డ పొరలు ఒక్కొక్కటే విప్పుతోంది. పై పొర తడి. రెండో పొర తడి. మూడో పొర మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, అరచేతిని చూసుకుని, చీర బయటికి తీసి వాకిలి వెలుతురులో అంచు నుంచి అంచు దాకా పరిచి, జరీ మీద వేళ్ళు నడిపింది. పొడిగా ఉంది. మడత చెదరలేదు. చిలకపచ్చ చీర విప్పింది. కుచ్చిళ్ళ దగ్గర, రెండు చేతులు చాపినంత వెడల్పున, గట్టు గీసినట్టు మరక.

పెళ్ళివాళ్ళు వచ్చారు. చీర చూసి మురిశారు. వాళ్ళలో పెద్దావిడ ఇల్లంతా వాసన పీల్చి, 'ఇడ్లీ పిండి బాగా పులిసినట్టుండాదే' అంది. 'ఎండాకాలం గదమ్మా' అన్నాడు నాయన. వాళ్ళు వెళ్ళాక అత్త చాప చుట్టి గోడకు ఆనించి, నా ఎదురుగా కూర్చుంది.

'పచ్చచీర మగ్గం రేటు మూడు వేల ఎనిమిది వందలు.'

'మరక పడిన చీరకు పూర్తి రేటేందత్తా?' నా నోరు నన్ను అడగకుండానే అనేసింది.

'మరక నీది గదమ్మే. చీర వాళ్ళది.'

'మేనకోడల్ని...'

'సుట్టరికం భోజనాల కాడ. రేపు పొద్దున మగ్గమాయనకు నా దుడ్లే ఇస్తా, నువ్వు నెలనెలా నాకు కట్టు. ఆ మిగిలిన సీసాలు యాడ పెడతాండావు? ఈడ పెట్టు. ఆఖరి రూపాయి కట్టిందాకా అవి నా కాడ తాకట్టు.'

నాయన వైపు చూశాను. ఆయన దూలాలు లెక్కపెడుతున్నాడు, పెదవుల చివర నవ్వుతో. ఆ ఇంట్లో అసలైన వ్యాపారి ఎవరో ఆయనకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

నీళ్ళతొట్టి పక్కన, చీకటి మూల, తడిగోనె కింద మూడు సీసాలు పెట్టాను. మూత వెంట్రుకవాసి ఎత్తడం అత్తకు నేర్పాను. ఊరగాయ జాడీని చూసుకున్నట్టు ఆమె మొదట్లో రోజూ, తర్వాత్తర్వాత శుక్రవారం శుక్రవారం వాటిని చూసుకుంది. అయిదు నెలలు పట్టింది నాకు. మూడు వారాలు ఆగలేనిదాన్ని అయిదు నెలలు ఆగాను. ఆఖరి వాయిదా కట్టిన సాయంత్రం అత్త సీసాలతోబాటు పచ్చచీర కూడా నా ఒళ్ళో పెట్టింది. పెరటి గడప మీద కూర్చుని మొదటి మూత ఎత్తాను. తొందర లేదు, బుస లేదు, లోపలెవరో నిద్రలేచినట్టు చిన్న చప్పుడు. ఖర్జూరం ఉంది. చింతపండు పులుపు ఒక పొర ఉంది. అడుగు బెల్లం ఉంది, కానీ దాని మోటుతనమంతా పోయి, పొగమంచు రోజున బెల్లం గానుగ దగ్గర నిలబడినప్పటి వాసనగా మిగిలింది. అత్త గ్లాసు వాసన చూసి, 'మీ మామ తాగి వచ్చిన వాసన కంటే ఇదే నయం' అని లోపలికి పోయింది.

ఇప్పుడు బెంగళూరులో సందుకొక చోట కుళాయి తిప్పి ఈ రకాలన్నీ పోస్తున్నారు. నేనూ వెళ్తాను, పచ్చచీర కట్టుకుని కూడా వెళ్ళాను (మరక కుచ్చిళ్ళలో దాగిపోతుంది). చిన్న గ్లాసుల్లో మచ్చు ఇస్తారు, వాళ్ళే ఊరికే ఇస్తారు, బేరానికి చోటే లేదు. ప్రతి గ్లాసులోనూ ఆ పెరటి గడప మీది రుచి కోసం వెతుకుతాను, ఇంతవరకూ దొరకలేదు. అప్పటి ఆ పిల్ల మీద కోపం పోయి చాలా కాలమయింది. ఆమె చేసిన బేరం లెక్క మాత్రం నిజాయితీగా తేల్చాలి. సీసాలు ఆరు, అరవై చొప్పున మూడు వందల అరవై. చీర మూడు వేల ఎనిమిది వందలు. మొత్తం నాలుగు వేల నూట అరవై. ఒకటి పెనుకొండలో గండం గడవడానికి పోయింది, ఒకటి నాయన ఒళ్ళో పోయింది, ఒకటి గాలికి, నాయన మీసానికి పోయింది. మిగిలినవి మూడు. అంటే నూట ఇరవై రూపాయల బీరును నేను సీసా పదమూడు వందల ఎనభై ఆరు రూపాయల చిల్లరకు తాగాను. ఆ చిల్లరను ఎన్నిసార్లు భాగించినా తెగదు, అది వదిలేశాను.